ఏ ఏడాది బండి?

కన్నియప్పన్ చేతిలో సుత్తి నిలిచిన రోజుల్లో ఒక బండిని చంపడానికి అతనికి మూడు గంటలు చాలు. చంపడం అన్న మాట నేను కల్పించింది కాదు, మద్రాసులో పాత బండ్లు విప్పి అమ్మే పుదుప్పేట వీధిలో అందరూ అనేదే. పొద్దున్నే టీ తాగుతూ "నిన్న రెండు చంపాం, ఇవాళ ఒకటే ఉంది" అని చెప్పుకుంటుంటే కొత్తగా వచ్చినవాడు గుటకలు మింగుతాడు. ముందు బ్యాటరీ పీకుతారు. తర్వాత తలుపులు, బానెట్టు, దీపాలు, సీట్లు. గొలుసు వేసి ఇంజన్‌ను పైకి లాగుతారు. అమ్ముడుపోయేవన్నీ విప్పాక, మిగిలిన డొక్క మీద పడతారు. కన్నియప్పన్‌ను చూడాల్సింది అప్పుడే. పన్నెండు పౌండ్ల సుత్తి ఎత్తి, కప్పును మోసే స్తంభం మీద వేస్తే మూడో దెబ్బకు బండి మోకాళ్ల మీద కూలబడేది. ఆ చప్పుడుకు వెనక పోలీసు క్వార్టర్స్‌లో ఉయ్యాలల్లో పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారని ఆడవాళ్లు గోడ మీంచి శాపనార్థాలు పెట్టేవారు.

అతనిది త్రిశూలం కొండ దగ్గర రాళ్ల క్వారీ పుట్టుక. తండ్రి రాళ్లు పగలేసే మందు పేలి పోయాడు. అన్న ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుని పోయాడు. చివరికి క్వారీ కూడా మూతపడింది. రెండు వేల పదిహేనులో, ఇరవై నాలుగేళ్లవాడు, సొంత సుత్తి భుజాన వేసుకుని పుదుప్పేటలో అడుగుపెట్టాడు. ఆరడుగుల మనిషి, కోపం ముక్కు మీదే ఉండేది. వచ్చిన వారానికే తనను "క్వారీ దున్నపోతు" అన్నవాణ్ణి ఎత్తి మురిక్కాలవలో వేశాడు. అంతటివాడు ఒక్కరి ముందు మాత్రం తల వంచేవాడు. ఆయన సుల్తాన్ బాయ్. ఐదడుగులుంటాడో లేదో, తెల్లగడ్డం, మోకాళ్ల నొప్పులు. శిష్యుణ్ణి కొట్టాలంటే ఆయనకు చెయ్యి అందదు. "వంగరా" అనేవాడు. కన్నియప్పన్ వంగేవాడు. బాయ్ కొట్టేవాడు.

ఎందుకు కొట్టేవాడంటే, ఏడాది తప్పు చెప్పినందుకు. ఆ వీధిలో కొనేవాడు తనకేం కావాలో నోరు తెరవకముందే అమ్మేవాడు అడిగే మాట ఒకటి ఉంది: ఏ ఏడాది బండి? పేరు, ఊరు, ధర అన్నీ దాని తర్వాతే. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే రూపు ఉన్న రెండు బండ్లకు మధ్య కంపెనీవాడు పండక్కో పబ్బానికో ఏదో ఒకటి మార్చిపడేస్తాడు. ఆ మార్పు తెలిసినవాడు వ్యాపారి, తెలియనివాడు ఇనప సామానువాడు.

సరిగ్గా కన్నియప్పన్ వచ్చిన ఏడాదే రోడ్డెక్కింది వెల్మా అనే బండి. కారుకు కాస్త ఎత్తు, జీపుకు కాస్త పొట్టి, నాలుగు మీటర్లకు వేలెడు తక్కువ. మద్రాసులో ఇంటికొకటి కొన్నారు కాబట్టి గుద్దుకున్నవీ అన్నే వచ్చాయి. మొదటి ఏడాది బండికి గుడ్లు మిటకరించిన దీపాలు. వీధివాళ్లు దానికి కప్ప అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది అన్నీ అవే, కాని పక్క అద్దాలు మీట నొక్కితే వాటంతటవే ముడుచుకుంటాయి. ఒకనాడు కన్నియప్పన్ దాని అద్దాన్ని కప్పదని చెప్పి ఇచ్చేశాడు. అది తిరిగొచ్చింది. బాయ్ ఆ అద్దంతోనే కొట్టాడు. కుడి కనుబొమ్మ మీద గాటు అదే. పదిహేడులో ముందు జాలీకి అడ్డంగా దిట్టమైన వెండి పట్టీ వేశారు. అది మీసం. మీసం దీపం కప్పలో కూర్చుంటుంది గాని మూడో మర దగ్గర పిసరంత తేడా. దానికి భుజం మీద మచ్చ. పందొమ్మిదిలో బెల్టు పెట్టుకోకపోతే కుయ్యో కుయ్యోమని అరిచే బండి వచ్చింది. దానికి ఏడుపుగొట్టు అని పేరు. దాని సెన్సరు ముక్క చాలా చిన్నది, అందుకని ఆ తప్పుకు బాయ్ చెప్పు తీసుకున్నాడు. ఇరవై ఒకటిలో కప్పుకు అద్దపు కిటికీ, ఇరవై మూడులో ఒక్కటి కాదు ఆరు గాలిసంచులు, గుద్దుకోగానే పేలి ఉబ్బి మనిషిని కాపాడేవి, వచ్చాయి గాని, వాటికి కొట్టడానికి అప్పటికి బాయ్ లేడు.

"చదువుకున్నోడు పుస్తకంలో రాసుకుంటాడు. నీకు చదువు లేదుగా నాయనా, అందుకే నీ ఒంటి మీద రాస్తున్నా" అనేవాడు బాయ్, దెబ్బకు పసుపు అద్దుతూ.

నన్నడిగితే ఆ ముసలాయన చేసింది ముమ్మాటికీ తప్పు. అయితే వెల్మా విషయంలో కన్నియప్పన్‌ను మించినవాడు చెన్నపట్నంలో లేడన్నదీ నిజమే. కళ్లకు గంతలు కట్టి ముక్క చేతికిస్తే తడిమి ఏడాది చెప్పేవాడు. బాయ్ కళ్లు మూశాక ఆయన బంగారం లాంటి తిట్లు గుర్తుచేసుకుని ఏడ్చిన ఇద్దరిలో ఇతనొకడు.

రెండోవాడు గుణశీలన్. బాయ్ దగ్గర తోటి శిష్యుడు, సన్నగా వెదురుబద్దలా ఉంటాడు, నోరు మాత్రం బారెడు. వాళ్లిద్దరికీ బాయ్ బతికుండగానే చెడింది. రెండు వేల పద్దెనిమిదిలో ఒక కొనుగోలుదారు ముందు కన్నియప్పన్ ఏదో దీపం తీసివ్వబోతే గుణశీలన్ నవ్వి, "అన్నా, వాణ్ణడగొద్దు. వాడికి మీసానికీ కప్పకీ తేడా తెలీదు. రాళ్లు కొట్టుకునేవాడు" అన్నాడు. కన్నియప్పన్ చేతిలో చక్రాల పానా ఉంది. అది గాల్లో లేచిందని అందరూ చూశారు, ఎప్పుడు తగిలిందో ఎవరూ చూడలేదు. గుణశీలన్ ఎడమ చెవి సగం తెగి మెడ మీద వేలాడింది. ఆసుపత్రిలో కుట్లు వేసినా కుదురుకోలేదు, పై సగం తీసేశారు. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పక్కపక్క కొట్లే, మధ్యలో గోడ, గోడ ముందు పూంగావనమక్క టీ బండి. ఆరేళ్లు ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

కాని వ్యాపారం ఆగదు. పుదుప్పేటలో "లేదు" అన్న మాట పలకరు. తన దగ్గర లేకపోతే కొనేవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, పక్క కొట్టు నుంచి తెప్పించి, తనదిగా అమ్ముతారు. అలా తెచ్చిన సరుకు ఏ కొట్టుదో కొన్నవాడికి చెప్పకూడదు. చచ్చినా చెప్పకూడదు. అమ్మినవాడిదే సరుకు, అమ్మినవాడిదే పూచీ. వాపసు వస్తే పోల్చుకోవడానికి మాత్రం ప్రతి కొట్టుకూ ఒక గుర్తు ఉంటుంది. కన్నియప్పన్ గుర్తు ఉలితో కొట్టిన మూడు చుక్కలు.

ఈ ఇద్దరు శత్రువులూ ఇచ్చిపుచ్చుకునేది పూంగావనమక్క నోటి మీదుగా. ఇరవై ఒకటి జనవరిలో, పొంగల్ పండగ దాటిన వారానికి, ఆమె గ్లాసులు కడుగుతూ ఇటు తిరిగి అంది: "ఒరే, ఆ చెవోడికి వెల్మా గాలిసంచి కావాలంట. స్టీరింగుది."

"ఏ ఏడాది?" అన్న మాట కన్నియప్పన్ నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితే అక్క అటు తిరిగి అడుగుతుంది, వాడు జవాబు చెబుతాడు, అది మాట్లాడినట్టే అవుతుంది. మీసమా కప్పా అని తాను అడిగినందుకు వాడు నవ్వినా నవ్వుతాడు. కన్నియప్పన్ లోపలికి పోయి చేతికందిన సంచి తీశాడు. అది కప్పది. పాత తమిళ పేపర్లో చుట్టి అక్క బల్ల మీద పెట్టాడు.

అటు గుణశీలన్‌కు ఏడాది తెలుసు. సంచి కోసం వచ్చిన రాయపురం మెకానిక్ మీసమనే చెప్పాడు. కాని మీసం అన్న మాట ఆ దున్నపోతు చెవిన పడితే పాత గాయం రేగుతుందని మింగేశాడు. శత్రువు ఇచ్చిన పొట్లం విప్పి చూసుకోవడం అతనికి నామోషీ. అలాగే మెకానిక్ చేతిలో పెట్టాడు. పైకి చూస్తే రెండు ఏడాదుల సంచులూ కవల పిల్లలే. లోపల కప్పకు ఒక ప్లగ్గు, మీసానికి రెండు. రాయపురంవాడు అది కూర్చోకపోతే వెనక్కి తేవాల్సింది. తేలేదు. పేరుకు సంచి బిగించి, డాష్‌బోర్డులో ఎర్రదీపం వెలుగుతుంటే వైరు కొసకు చిన్న ముక్క అతికించాడు. ఆ ముక్కతో బండి అంతా సవ్యంగా ఉందనుకుని నోరు మూసుకుంటుంది. ముగ్గురు మగాళ్లు, ఒక్క మాట. ఎవడూ నోరు విప్పలేదు.

మూడున్నరేళ్లు గడిచాయి. రెండు వేల ఇరవై నాలుగు జూలై చివర, ఆడి మాసంలో, బీమావాళ్ల వేలంలో కన్నియప్పన్ ఒక వెల్మా పాడుకున్నాడు. ఎర్రది. ఎన్నూరు రోడ్డులో ఆగి ఉన్న కంటైనర్ లారీ వెనక దూరింది. బానెట్టు ముందు సీటు దాకా వచ్చింది. స్టీరింగు వంగి సీటును తాకుతోంది. సీటు మీద ఎండిన మరక, ఆ మరకలో నాలుగైదు పొడుగాటి వెంట్రుకలు, అద్దానికి వేలాడుతూ ఒక చిన్న జపమాల. ఇలాంటివి చూస్తే ఆ వీధిలో ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. ఉంటే అన్నం దిగదు. కాగితం మీద యజమాని పేరు ఉంటుంది, కాని ఆ వరుస మీద కన్నియప్పన్ చూపు ఏనాడూ పడలేదు. అతను చూసేది ఏడాది గడి.

మీసం. అంతగా గుద్దుకున్నా సంచి పేలలేదు. పేలని సంచి దొరకడం అదృష్టమే అనుకుని మరలు విప్పి తిప్పి చూశాడు. వెనక మూడు చుక్కలు ఉన్నాయి.

ప్లగ్గు ఒంటరిగా వేలాడుతోంది. వైరు కొసకు ఆ ముక్క అతికి ఉంది. పొంగల్ పండగ, పేపరు పొట్లం, టీ బల్ల, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ మాట ఒక్కటి అడిగి ఉంటే ఈ సీటు మీద ఈ మరక ఉండేది కాదు. ఇంత తేలికైన లెక్క అతనికి జీవితంలో తగల్లేదు. సంచిని గోనెలో చుట్టి సుత్తుల పెట్టె అడుగున పెట్టాడు. ఆ రోజు ఇంకేమీ చంపలేదు.

"ఏరా, జ్వరమా?" అంది పూంగావనమక్క.

"నోరు మూసుకో అక్కా" అన్నాడు.

మర్నాడు పదింటికి ఐదుగురు వచ్చారు. కాశిమేడు రేవు మనుషులు, మోచేతుల దాకా ఉప్పుకు తెల్లబారిన చర్మం, చేతుల్లో ఐసు దిమ్మలు లాగే కొక్కేలు. ముందు నడుస్తున్నవాడి పేరు సవరిముత్తు. పడవ యజమాని, నలభై దాటిన మనిషి, గడ్డం పెరిగి ఉంది. వాళ్ల వెనక రాయపురం మెకానిక్‌ను ఈడ్చుకొస్తున్నారు. అతని ముందు పళ్లు రెండు అప్పటికే లేవు. చొక్కా మీద నెత్తురు ఎండి నల్లబడింది.

"ఏ కొట్టు?" అన్నాడు సవరిముత్తు.

మెకానిక్ గుణశీలన్ కొట్టు చూపించాడు.

వీధిలో షట్టర్లు వరసగా దిగాయి. అది కూడా అక్కడి అలవాటే. కొట్టువాడి గొడవ కొట్టువాడిది. గుణశీలన్ లేచి నిలబడేలోగా ఒకడు జుట్టు పట్టి బయటికి లాగాడు. సవరిముత్తు కొక్కెం తిరగేసి పిడితో పక్కటెముకల మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు వినబడింది.

"నా చెల్లెలు చచ్చిపోయింది రా. లోపల సంచి ఉందంట, పేలలేదంట. పోలీసు చూసి చెప్పాడు, బండిది కాదంట అది. ఎక్కడిది? ఎవడిచ్చాడు నీకు?"

నిజం చెప్పేస్తాను, దాచి లాభం లేదు. ఆ మొదటి దెబ్బ తగిలినప్పుడు కన్నియప్పన్‌కు లోపల ఎక్కడో చల్లగా ఉంది. ఆరేళ్లు పెంచిన పగ, ఊరికే పోతుందా? తన కొట్టు గడపలో, ఇరవై అడుగుల దూరంలో, పాత సీటు మీద కూర్చుని చూశాడు. రెండో దెబ్బ ముఖం మీద పడింది. గుణశీలన్ ముక్కు పక్కకు ఒరిగింది. ఇక చెప్పేస్తాడనుకున్నాడు కన్నియప్పన్. చేత్తో ఇటు చూపిస్తే చాలు.

"నాదే" అన్నాడు గుణశీలన్, నోటి నిండా నెత్తురుతో. "నా కొట్టు సరుకే."

"నీ సరుక్కి గుర్తుంటుందంటగా, మెకానిక్ చెప్పాడు. మూడు చుక్కలంట. నీ గుర్తు గీత. మూడు చుక్కలు ఎవడివి?"

"నేనమ్మాను. నాదే."

సవరిముత్తు అతని మోకాలి మీద కాలు పెట్టి తొక్కాడు. గుణశీలన్ అరిచిన అరుపుకు పూంగావనమక్క చేతిలో గ్లాసులు జారి పగిలాయి. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కన్నియప్పన్ వైపు చూసింది. ఆమెకు అంతా తెలుసు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ రోజు పళ్లు బిగించి నిలబడింది.

కొక్కెం ఈసారి మొన వైపు తిరిగింది.

"చివరిసారి అడుగుతున్నా. ఎవడిది?"

గుణశీలన్ తల తిప్పాడు. ఆరేళ్ల తర్వాత మొదటిసారి కన్నియప్పన్ ముఖం చూశాడు. చూసి, కళ్లు మూసుకుని, "నాదే" అన్నాడు. సగం చెవి నెత్తురులో తడిసి ఉంది.

ఆ సగం చెవి కన్నియప్పన్‌ను లేపింది. నేనింకేమీ కారణం చెప్పలేను, అతనూ చెప్పలేదు. లోపలికి పోయి సుత్తుల పెట్టె మూత తీశాడు. అది చూసి కాశిమేడువాళ్లు కొక్కేలు ఎత్తి ఇటు తిరిగారు. ఒకడు ముందే విసిరాడు. కన్నియప్పన్ ఎడమ భుజంలో దిగింది. అతను దాన్ని పీకి పక్కన పడేసి, గోనె మూట తెచ్చి సవరిముత్తు కాళ్ల దగ్గర విప్పాడు.

"మూడు చుక్కలు నావి. వాణ్ణి వదలండి."

సవరిముత్తు వంగి సంచిని చేతిలోకి తీసుకున్నాడు. పసిబిడ్డను తిప్పినట్టు తిప్పి చూశాడు.

"నీకెలా వచ్చింది ఇది?"

"ఆ బండి నా దగ్గరే ఉంది. నిన్న విప్పాను."

"నా చెల్లెలి బండి నువ్వు కొన్నావా?" అన్నాడు సవరిముత్తు. "ఏ బండో తెలుసా నీకు?"

ఏం అడుగుతున్నాడో అర్థం కాక కన్నియప్పన్ తనకు తెలిసిందంతా చెప్పాడు. అదొక్కటే అతనికి వచ్చు. "పదిహేడు, ఆగస్టు తర్వాతది. మీసం. ఎర్రరంగు, ఎడమ వెనక తలుపు మాత్రం పద్దెనిమిదిది, మార్చారు. అద్దాలు ముడుచుకుంటాయి. బెల్టుకు అరుపు లేదు, అది పందొమ్మిదిలో వచ్చింది. స్టీరింగుకు రెండు ప్లగ్గులుండాలి. నేనిచ్చింది కప్పది, ఒకటే ప్లగ్గు. ఏ ఏడాదని నేను అడగలేదు. అడగాల్సింది. అడగలేదు."

"దాని పేరు?"

"వెల్మా."

"బండిది కాదురా!" సవరిముత్తు అరుపుకు కాకులు లేచాయి. "దాని పేరు! నా చెల్లెలి పేరు!"

కన్నియప్పన్ నోరు తెరిచాడు. బండి కాగితం నిన్నటి నుంచి అతని చొక్కా జేబులోనే ఉంది.

"తెలీదు" అన్నాడు.

తర్వాత జరిగింది నాకు చెప్పబుద్ధి కాదు, కాని చెప్పాలి. నలుగురూ పట్టుకున్నారు. అతను గింజుకోలేదు. గింజుకుంటే ఆ నలుగురూ అతని ముందు నిలిచేవాళ్లు కాదని వీధికంతా తెలుసు. విప్పి పెట్టిన ఇంజన్ దిమ్మ మీద అతని కుడిచెయ్యి పరిచారు. సవరిముత్తు కొక్కెం పారేసి, పెట్టెలోంచి అతని సుత్తే తీసుకున్నాడు. మొదటి దెబ్బకు వేళ్లు పోయాయి. కన్నియప్పన్ పళ్ల మధ్య నుంచి వచ్చిన చప్పుడు మనిషి చప్పుడులా లేదు. రెండో దెబ్బకు అరచెయ్యి. మూడోది మణికట్టు మీద పడింది, ఎముక తెల్లగా బయటికి వచ్చింది. నాలుగోది తల మీదకు లేచింది.

అప్పుడు గుణశీలన్ విరిగిన మోకాలితో నేల మీద దేకుతూ వచ్చి సవరిముత్తు రెండు కాళ్లూ వాటేసుకున్నాడు.

"నన్ను కూడా చంపయ్యా! నాకు ఏడాది తెలుసు. మీసమని తెలిసీ చెప్పలేదు. వాడితో మాట్లాడటం ఇష్టం లేక చెప్పలేదు. వాడు అడగలా, నేను చెప్పలా. ఒక్కణ్ణి చంపితే లెక్క సరిపోదు!"

సుత్తి గాల్లో ఆగింది. చివరికి సవరిముత్తు దాన్ని పక్కకు వదిలేసి, నేల మీద కూలబడి, ఒళ్లో ఆ పనికిరాని సంచి పెట్టుకుని ఏడ్చాడు. "జెసింత" అన్నాడు. "జెసింతరా దాని పేరు. మా ఇంట్లో బండి నడిపిన మొదటి ఆడది. తొండియార్‌పేటలో కుట్టుమిషన్ల కొట్టు పెట్టి సొంతంగా కొనుక్కుంది. నన్ను ఎక్కించుకుని మెరీనా చుట్టూ తిప్పింది. భయపడకు అన్నా, సంచి ఉందిగా అనేది."

పూంగావనమక్క వచ్చి కన్నియప్పన్ చేతికి తన చీర కొంగు చింపి కట్టింది. ఆ తర్వాత అదే చేత్తో సవరిముత్తుకు ఒక గ్లాసు టీ ఇచ్చింది. ఎందుకిచ్చావని అడిగితే, "ఇంట్లో చావున్నోడు కదరా" అంది.

పోలీసులు వచ్చి అడిగారు. సుత్తి జారిందన్నాడు కన్నియప్పన్. మూడుసార్లా అన్నాడు ఎస్సై. మూడుసార్లూ జారిందన్నాడు. గుణశీలన్‌ను అడిగితే మేడ మెట్ల మీంచి పడ్డానన్నాడు. రేకుల కొట్టుకు మేడ ఎక్కడిదని ఆయన నవ్వి కాగితం మూసేశాడు. మెకానిక్ రాయపురం వదిలి పోయాడు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. ముగ్గురిలో ఆ ఒక్కడే తన తప్పు ఒప్పుకోకుండా తప్పించుకున్నాడని నాకిప్పటికీ మండుతుంది.

కుడిచెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు. గుణశీలన్ కుంటుతాడు. ఇప్పుడు ఆ రెండు కొట్లకూ మధ్య గోడ లేదు. గుణశీలన్ విప్పుతాడు, కన్నియప్పన్ పాత సీటు మీద కూర్చుని తడిమి ఏడాది చెబుతాడు. మాట్లాడుకుంటారా అంటే, పొద్దస్తమానం తిట్టుకుంటారు. "ఒంటిచెయ్యోడా" అని వీడు, "అరచెవోడా" అని వాడు. ఆ పొంగల్ వారంలో ఈ తిట్లలో పావువంతు తిట్టుకున్నా ఒక మనిషి బతికేది. గాలిసంచి మాత్రం అమ్మరు. అడిగినవాణ్ణి కంపెనీకి పొమ్మంటారు, మళ్లీ అడిగితే పానా లేస్తుంది.

పోయిన నెల నేనక్కడ టీ తాగుతుంటే ఒక పెద్దమనిషి బ్రేకు సామాను కోసం వచ్చాడు. తాంబరం నుంచి, ఇస్త్రీ చొక్కా.

"ఏ ఏడాది?" అన్నాడు కన్నియప్పన్.

"పందొమ్మిది, వెల్మా."

"ఏడుపుగొట్టు. బండి ఎవరు నడుపుతారు?"

"ఎవరు నడిపితే నీకెందుకయ్యా? సామాను ఇవ్వు."

"పేరు చెప్పు."

"ఏం, జాతకం రాస్తావా?"

కన్నియప్పన్ ఎడమ చేత్తో పక్కనున్న బ్రేకు దిమ్మ ఎత్తి రోడ్డు మీదకు విసిరాడు. అది పెద్దమనిషి బూటుకు జానెడు దూరంలో పడి రాయి చిట్లింది. "పేరు చెప్పనోడికి సరుకు లేదు, పో!" వీధిలో ఎవరూ తల తిప్పలేదు. పూంగావనమక్క మాత్రం, "చెప్పెయ్యండి సారూ, వాడు అంతే" అంది పాలు పొంగకుండా ఊదుతూ.

పెద్దమనిషి కాస్త గొంతు తగ్గించి చెప్పాడు. "మా అమ్మాయి. యాళిని. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది."

గుణశీలన్ కుంటుకుంటూ పోయి ఆ దిమ్మ తెచ్చి, పగుళ్లున్నాయేమో అని ఎండకు తిప్పి చూసి, పక్కన పారేసి, లోపల్నుంచి ఇంకొకటి తెచ్చాడు. ఏడాది తాను చూసి, కన్నియప్పన్‌కు ఇచ్చి చూడమన్నాడు. కన్నియప్పన్ దాన్ని తొడల మధ్య బిగించుకుని, సుద్దముక్క తీసుకున్నాడు. ముప్పై దాటాక ఎడమ చేత్తో అక్షరాలు నేర్చుకున్న మనిషి. మొదటి అక్షరం వంకరపోయింది, తుడిచాడు. మళ్లీ రాశాడు. మూడక్షరాల పేరుకు చాలాసేపు పట్టింది. పెద్దమనిషి గడియారం చూసుకోలేదు. గుణశీలన్ ఆ దిమ్మ కదలకుండా అటువైపు పట్టుకున్నాడు.